పాడుబడ్డ అడ్రసులు

మొన్న హైదరాబాదు నుంచి ఒక కుర్రాడు మా ఇంటికొచ్చాడు. మా చుట్టాలబ్బాయికి స్నేహితుడట. మెడలో రెండు కెమెరాలు, వీపున ట్రైపాడ్, సంచీలో డ్రోను. పాడుబడ్డ భవనాల్ని వెతికి ఫొటోలు తీయడం అతని సరదా. విశాఖలో ఆ పిచ్చి ఉన్న పెద్దాయన ఒకడున్నాడని ఎవరో చెబితే నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. కాఫీ తాగాడు, నా పాత ప్రింట్లు ఓపిగ్గా తిరగేశాడు, బాగున్నాయన్నాడు. అంతవరకూ సంతోషమే. లేవబోతూ అన్నాడు కదా, "అంకుల్, స్టీల్ ప్లాంటు మూసేస్తారంటున్నారుగా. మూస్తే మాత్రం లొకేషన్ మామూలుగా ఉండదు."

నేను నోరు తెరిచేలోపే లోపల్నుంచి మా ఆవిడ అంది: "బాబూ, ఇక్కడ అన్నావు సరే. ఈ మాట ప్లాంటువాళ్లు ఎక్కే గాజువాక బస్సులో మాత్రం అనకు."

చెప్పాలంటే చాలా చెప్పొచ్చు. 1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అన్నందుకు 32 మంది ప్రాణాలు పోయాయని చెప్పొచ్చు. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేస్తే ప్లాంటును జాతికి అంకితం చేసేసరికి 1992 అయిందని చెప్పొచ్చు. బ్లాస్ట్ ఫర్నేసులకు కూడా గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న ఊరిది. 2024 సెప్టెంబరులో అన్నపూర్ణ ఆగిపోతే, ఇంట్లో మనిషి ఐసీయూలో ఉన్నట్టు టీకొట్ల దగ్గర రోజూ వాకబు చేసుకున్నాం. మరుసటి ఏడు మళ్లీ వెలిగాకగానీ ఆ సంగతి వదల్లేదు. ఇవన్నీ అతనికి చెప్పలేదు. ఆ వయసులో ఎవరైనా చెబితే నేను మాత్రం విన్నానా?

పైగా ఫర్నేసుల ఫొటోలు తీయాలన్న కోరిక నాకూ ఉన్నదే. ఈ కాలమ్ పాత పాఠకులకు నా బెకర్ దంపతుల పిచ్చి తెలుసు. బెర్న్ట్, హిల్లా అనే ఆ జర్మను జంట 1950ల చివర మొదలుపెట్టి జీవితమంతా బ్లాస్ట్ ఫర్నేసులు, నీళ్ల ట్యాంకులు, గనుల మీది ఇనుప గోపురాలు తీస్తూ గడిపారు. అన్నీ ఒకే తీరు. ఎదురుగా నిలబడాలి, వంకర రాకూడదు, నీడ పడకూడదు, ఆకాశం బూడిదరంగులో ఉండాలి. అలాంటి ఆకాశం అక్కడ కావలసినంత. మనకైతే శ్రావణం రావాలి, లేదా బంగాళాఖాతంలో వాయుగుండం పట్టాలి. రాత్రి రేడియోలో తుపాను హెచ్చరిక వింటే జాలర్లు వలలు సర్దుకుంటారు, నేను లెన్సులు తుడుచుకుంటాను. మా ఆవిడకి ఈ రెండో పని చూస్తే ఒళ్లు మండుతుంది.

ఈ పనికి విశాఖ అంత కష్టమైన ఊరు ఇంకోటి ఉండదు. కెమెరా ఒక పక్కకి తిప్పితే నేవీ, ఇంకో పక్కకి తిప్పితే పోర్టు, వెనక్కి తిరిగితే షిప్‌యార్డు. ఎటు తిప్పినా ఈల వినపడుతుంది. పోర్టు పుట్టిందే రెండు పాత ఓడల్ని బలిపెట్టి. జానస్, వెల్లెడ్సన్ అనే ఓడల్లో రాళ్లు నింపి, కావాలనే ముంచి, అలలకు అడ్డుకట్ట వేశారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ లోపలికి రాగలిగిందంటే ఆ రెంటి పుణ్యమే. నాకు తెలిసి మన ఊళ్లో అన్నిటికంటే గొప్ప పాడుబడ్డ కట్టడాలు అవే. నీళ్లలో ఉన్నాయి, ఫొటోకి దొరకవు.

దొరికేవాటిని పట్టుకోవడానికి మాత్రం కొన్ని గుర్తులున్నాయి. పిట్టగోడ మీద రావిమొక్క. మీటరు పీకేసిన చెక్కపలక. గేటు కంటే కొత్తగా ఉన్న గేటు తాళం. అన్నిటికంటే నమ్మకమైన గుర్తు, గోడ మీద ఎర్ర పెయింటుతో "ఈ స్థలం కోర్టు వివాదంలో ఉన్నది, కొన్నవారు నష్టపోగలరు" అన్న రాత. అన్నదమ్ముల దావా సాగినన్నాళ్లూ ఇల్లు నిలుస్తుంది. రాజీ కుదిరిన నెలకి అపార్ట్‌మెంటు బోర్డు లేస్తుంది. వన్‌టౌన్‌లో నేను తీసిన అందమైన మేడలన్నీ పంపకాలు తెగని కుటుంబాలవే. వాళ్ల పంతాలకు నేను రుణపడి ఉన్నాను.

గోడను చూసి వయసు చెప్పడం కూడా అలవాటవుతుంది. గానుగ సున్నం, కొండరాయి, బెంగుళూరు పెంకు, టేకు దూలాలు ఉన్న ఇల్లు పైకప్పు పోయినా గోడలతో నిలబడుతుంది. బీచి రోడ్డులో ముప్పై నలభై ఏళ్ల కిందటి కాంక్రీటు అలా కాదు. ఉప్పుగాలి సన్నటి పగుళ్లలోంచి దూరి లోపలి కడ్డీని పట్టుకుంటుంది. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కంటే రెట్టింపుకి మించి ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకి కాంక్రీటు పెచ్చులుగా ఊడిపోతుంది. కుర్రాళ్లు పాత సున్నపు మేడ చూసి భయపడతారు, కొత్త స్లాబు కిందికి ధీమాగా వెళ్తారు. నెత్తిన పడేది ఆ స్లాబే.

ఇక దెయ్యాల సంగతి. ఈమధ్య ప్రతి ఖాళీ ఇంటి మీదా ఒక దెయ్యం వీడియో వస్తోంది. నీలం రంగు పులిమి, వెనకాల కుక్క ఏడుపు కలిపి. ఒకప్పుడు దెయ్యముందంటే ఇంటికి కాస్త కాపలా ఉండేది. బిల్డర్లకు దెయ్యాలంటే భయం లేదు కాబట్టి ఆ సౌకర్యమూ పోయింది.

వచ్చిన కుర్రాడికి నేను నేర్పబోయిన మర్యాదల్లో పెద్దది ఒకటుంది. అడ్రసు చెప్పకూడదు. ప్రపంచమంతా ఈ పని చేసేవాళ్లు దాన్నో వ్రతంలా పాటిస్తారు. అడ్రసు తెలిస్తే దొంగలొస్తారు, గోడల మీద ప్రేమికుల పేర్లొస్తాయి, తలుపులు పోతాయి. నా ఫొటోల కింద కూడా ఎప్పుడూ "మేడ, ఉత్తరాంధ్ర" అనో, "గోదాము, తీరప్రాంతం" అనో ఉండేది. అడ్రసు అడిగిన పాఠకులకు మర్యాదగా నమస్కారం పెట్టేవాణ్ణి.

ఆ వ్రతానికి మొదటి దెబ్బ తగిలింది తగరపువలసలో. మా పెద్దమ్మగారి ఊరది. చిన్నప్పుడు సంక్రాంతికి వెళ్తే చిట్టివలస జూట్ మిల్లు కూతకి లేచేవాళ్లం. షిఫ్టు మారితే రోడ్డు నిండా సైకిళ్లు. దిగినవాళ్ల జుట్టుకీ కనుబొమ్మలకీ నారపీచు. పెద్దమ్మ గడియారం వైపు చూసేది కాదు. కూతను బట్టే ఎసరు పెట్టేది. ఆ నార మన గోగునారే. గోంగూరకి చుట్టమైన గోగుని చెరువుల్లో ఊరబెట్టి నార తీస్తే ఊరంతా ముక్కు మూసుకునేది. అదే నార భీమిలి రేవులో ఓడెక్కి, "బిమ్లీ జూట్" అన్న పేరుతో దేశదేశాల వ్యాపారంలో చలామణీ అయింది. తరవాత ప్లాస్టిక్ సంచులొచ్చాయి, గొడవలొచ్చాయి, 2009లో మిల్లుకి లాకౌట్ పడింది. వేలమంది సైకిళ్లు ఇళ్లకే ఉండిపోయాయి.

కొన్నేళ్ల తరవాత కెమెరాతో వెళ్లాను. కాపలా మనిషి మంచివాడు, కొంతమేర తిరగనిచ్చాడు. బయటికొచ్చి టీ తాగుతూ కెమెరాలో బొమ్మలు చూసుకుంటుంటే పక్క బల్ల మీదున్న పెద్దాయన చెయ్యి చాచాడు. వీవింగ్‌లో చేసేవాడట. ఇచ్చాను. పైకప్పు సందుల్లోంచి ఖాళీ నేల మీద చారలు చారలుగా ఎండ పడిన బొమ్మ ఒకటుంది. దానికోసం అక్కడ చాలాసేపు కాపు కాశాను. ఆయన ఒక్క క్షణం కూడా ఆగకుండా దాటేశాడు. ఇంకో రెండు దాటేశాడు. చెయ్యి కదిలి, వంకరగా వచ్చి, నేను తీసేద్దామనుకున్న బొమ్మ దగ్గర ఆగాడు. అందులో ఒక గోడ, దాని మీద వెలిసిన నంబరు, వరసగా ఇనుప కొక్కేలు, అంతే.

"ఇది మాదే," అన్నాడు. "ఈ కొక్కేనికే క్యారేజీ తగిలించీవోణ్ణి."

అక్కణ్ణుంచి మిల్లంతా ఆ టీబల్ల మీద పరిచాడు. నూనె, నీళ్లు చల్లి నారని మెత్తబరిచే బ్యాచింగు ఇటు. కార్డింగు, డ్రాయింగు, స్పిన్నింగు అటు. బీములు చుట్టేది ఇక్కడ, మగ్గాలు ఇదిగో ఈ పక్క. మగ్గాల మోతలో మాట వినపడదు కాబట్టి అందరూ చేతి సైగలతోనే మాట్లాడుకునేవాళ్లట. బీడీ కావాలంటే ఒక సైగ, సూపర్‌వైజరు వస్తున్నాడంటే ఇంకోటి. చేసి చూపించాడు. టీకొట్టాయన కూడా అక్కడివాడే కాబోలు, పాల గిన్నె దగ్గర్నుంచే సైగతో ఏదో జవాబిచ్చాడు, ఇద్దరూ నవ్వుకున్నారు. ఏమిటని అడిగితే చెప్పలేదు.

ఈ బొమ్మ ఎక్కడ వేస్తారని అడిగాడు. పేపర్లో వస్తుందేమో గానీ ఏ ఊరో, ఏ మిల్లో రాయనని, అది మా పద్ధతని చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఏటండి మరి? పేరు ఎయ్యకపోతే ఇది మా మిల్లని ఎవుడికి తెలుస్తాది?"

అప్పుడు ఏదో సర్దిచెప్పి వచ్చేశాను. కుర్రాడు వెళ్లిపోయాక మళ్లీ అదే మాట పట్టుకుంది. ఎందుకంటే స్టీల్ ప్లాంటు దగ్గర అసలు పాడుబడ్డవి ఫర్నేసులు కావు. ప్లాంటు కోసం ఖాళీ చేయించినవి 64 గ్రామాలు. ఇరవై ఆరు వేల ఎకరాలు. ఉద్యమం ఫొటోలున్నాయి, శంకుస్థాపన ఫొటోలున్నాయి. ఆ ఊళ్లలో జనం లేచిపోయిన మర్నాటి ఇళ్ల ఫొటో ఒక్కటైనా చూద్దామని ఎంతో వెతికాను, నాకు దొరకలేదు. పునరావాసం కింద ఇచ్చిన ఆర్ కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం తిరిగిన నిర్వాసితుల ఇళ్లలో పెళ్లి ఫొటోలుంటాయి. వెనకాల కనిపించే అరుగే ఆ ఊరికి మిగిలిన బొమ్మ. ఎవరూ కెమెరా పట్టుకుని వెళ్లలేదు. అడ్రసు దాచాల్సిన అవసరమే రాలేదు.

దాచడం అన్న నియమం చూడ్డానికొచ్చేవాళ్ల వల్ల చెడిపోయే చోట్ల పుట్టింది. మన ఊళ్లో మేడ చావడానికి కారణం చూసేవాళ్లు కాదు, గజం ధర. శనివారం రాత్రి పొక్లెయిను వస్తుంది, సోమవారానికి చదునైన నేల. ఆ మేడ అక్కడుందని నలుగురికి తెలిస్తే కనీసం ఒకడు అడుగుతాడు. తొట్లకొండ సంగతే చూడండి. బౌద్ధ భిక్షువులు వదిలి వెళ్లిపోయాక శతాబ్దాలపాటు పొదల కింద ఉండిపోయింది. నేవీవాళ్లు స్థావరం కోసం ఆకాశం నుంచి సర్వే చేస్తుంటే కంటబడింది. వాళ్లు అడ్రసు దాచుకోలేదు. 1988 నుంచి రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వింది, స్తూపాలు, విహారాలు బయటపడ్డాయి. రహస్యాలు దాచడంలో నేవీని మించినవాళ్లు లేరు. వాళ్లే చెప్పగా లేనిది, నాకేమిటి?

కాబట్టి ఇకమీదట ఫొటో కింద ఊరూ వీధీ రాస్తాను. మనుషులున్న ఇళ్లు తప్ప. పాడుబడ్డదనుకుని లోపలికెళ్తే పెరట్లో బట్టలారేసి ఉన్న మేడలు వన్‌టౌన్‌లో కొల్లలు. కాపలావాడి కుటుంబమో, దారి దొరక్క తలదాచుకున్నవాళ్లో. వాటి అడ్రసు చచ్చినా చెప్పను.

మిగతావి రాసుకోండి. ఓల్డ్ హెడ్ పోస్టాఫీసు బస్సెక్కి చివరి స్టాపులో దిగి, కురుపాం మార్కెట్టు, కోట వీధి, సోల్జర్‌పేట నడిచే చూడాలి. భీమిలికి 900కె, బీచి రోడ్డు మీంచి. అక్కడ డచ్చివాళ్ల సమాధులున్నాయి. 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది గానీ వీళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. 1942 ఏప్రిల్ 6న జపాను బాంబులు వేసిన కాలం నాటి పిల్‌బాక్సులు మన తీరంలో ఇసుక కోతపడితే పైకి తేలతాయి, మేటవేస్తే మునుగుతాయి. అందుకే వాయుగుండం వెలిసిన మర్నాడే వెళ్లాలి. చిట్టివలసకి తగరపువలస బస్సు, 222. గేటు దగ్గర అడిగే లోపలికి వెళ్లండి, గోడ దూకొద్దు. వెడల్పు లెన్సు ఇంట్లో పెట్టి రండి. గోడ మీద రాతలు, నంబర్లు, కొక్కేలు ఏవీ వదలకండి, వంకరగా వచ్చినా సరే. చలికాలమైతే ఎండ ముదరకముందే పని ముగించుకోండి. పాములు వెచ్చదనం కోసం గచ్చు మీదికి వచ్చేది ఆ వేళకే.