పాత మస్జిదులు, కొత్త సిమెంటు

హైదరాబాదులోని బాదషాహీ ఆషూర్‌ఖానాను ముహమ్మద్ ఖులీ ఖుతుబ్‌షా 1590లలో నిర్మింపజేశాడు. లోపలి గోడలపై రంగురంగుల మెరుగు పలకలతో కూర్చిన అలమ్‌ల ఆకృతులే దాని ప్రఖ్యాతికి కారణం. 1908 నాటి మూసీ వరదలో పలకలు కొంతమేర పాడైపోగా, తరువాత ఆ చోట్లను రంగులు పూసి నింపారు. ఆ పూతను లోపమని తోసిపుచ్చరాదు. దగ్గరగా నిలిచి చూచినవారికి ఏది మిగిలినదో, ఏది పోయినదో అది దాచకుండా తెలుపుతుంది.

నగరంలోని మొహల్లా మస్జిదుల విషయంలో తరచు జరిగేది ఇందుకు విరుద్ధం. కమిటీవారు ఇల్లిల్లూ తిరిగి చందాలు పోగుచేస్తారు. వారి చిత్తశుద్ధిని శంకించనక్కరలేదు. కాని ఆ సొమ్ము సిమెంటుకు, ఆయిల్ పెయింటుకు పోతుంది. డంగుసున్నపు గోడ తనలోని చెమ్మను బయటికి విడుస్తుంది. సిమెంటు దానిని లోపలే బంధిస్తుంది. కొన్ని వర్షాకాలాలు గడిచేసరికి పాత గచ్చు పెచ్చులుగా రాలుతుంది. అప్పుడు మళ్లీ సిమెంటే! గోల్కొండ ఖుతుబ్‌షాహీ సమాధుల వద్ద ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు 2013లో చేపట్టిన పనిలో, ఇరవయ్యో శతాబ్దంలో పూసిన సిమెంటును ఒలిచివేసి తిరిగి సున్నం పెట్టవలసి వచ్చింది. అంతటి వ్యయాన్ని ఏ మొహల్లా భరించగలదు?