ఏడ్చేవాళ్ళ మధ్య చోటు

మంచి శుక్రవారం నాడు చర్చిలో ఏడు మాటల ఆరాధన పన్నెండింటికి మొదలై మూడింటికి ముగుస్తుంది. ఇంటికొచ్చి ఉపవాసం విడిచి, సాయంత్రం అందరం టీవీ ముందు చేరతాం. అందరికంటే ముందు మా అమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంటుంది. ఏటా చూసేది ‘కరుణామయుడే’. నా చిన్నప్పుడు ఈ సినిమాని మా నాన్నగారి పక్కన కూర్చుని చూశాను. చర్చి ఆవరణలో రెండు వెదురుబొంగుల మధ్య తెల్లగుడ్డ కట్టి వేశారు. గాలికి గుడ్డ ఊగితే సిలువ కూడా ఊగేది. ఇప్పుడు నా పిల్లలు దాన్ని గోడ మీది టీవీలో చూస్తున్నారు.

రెండేళ్ళ కిందట, అప్పటికి తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి సినిమా మధ్యలో అడిగింది: “నాన్నా, ఆయనకి నిజంగా నొప్పి పుట్టిందా? పాట వస్తుంటే నాకు అందంగానే ఉంది.”

నాకు జవాబు దొరకలేదు. ఆ ప్రశ్న వల్లనే రెండో సినిమా మా ఇంటికొచ్చింది.

1978 డిసెంబరులో విడుదలైన ‘కరుణామయుడు’కి దర్శకుడు ఎ.భీమ్‌సింగ్. ఆ ఏడాది జనవరిలోనే కన్నుమూయడంతో విడుదలను ఆయన చూడలేదు. తమిళంలో ‘పాశమలర్’ తీసింది ఆయనే. అదే కథ తెలుగులో ఎన్టీఆర్, సావిత్రిలతో ‘రక్త సంబంధం’గా వచ్చింది. ఒక కుటుంబం దుఃఖాన్ని ఎలా పంచుకుంటుందో ఆయనకి బాగా తెలుసు. ఆ విద్యనంతా ఆయన యెరూషలేము వీధిలోకి తెచ్చాడనిపిస్తుంది. చిత్రాన్ని నిర్మించి, యేసుగా నటించిన విజయచందర్ టంగుటూరి ప్రకాశం పంతులుగారి మనవడు. ఎనిమిదేళ్ళ తరవాత ఆయనే షిరిడీ సాయిబాబాగా కూడా నటించారు. మా అమ్మకి ఆ సంగతి తెలుసు. అయినా ఆమెకి యేసయ్య ముఖమంటే ఇప్పటికీ ఆ ముఖమే.

గొల్గొతా దారి మొత్తం ‘కదిలిందీ కరుణరథం’ పాటలో నడుస్తుంది. రాసింది గుంటూరు జిల్లావాడైన మోదుకూరి జాన్సన్, పాడింది బాలసుబ్రహ్మణ్యం. సిలువ మోస్తున్న మనిషి నడకని జాన్సన్ రథం కదలడంతో పోల్చాడు. రథోత్సవం రోజున ఊరంతా వీధిలోకి వస్తుంది. తాడు పట్టేవాడు, పక్కన నడిచేవాడు, అరుగు మీద నిలబడి చేతులు జోడించేవాడు, వీళ్ళలో ఎవరూ ప్రేక్షకులు కారు. ఆ ఒక్క పోలికతో కవి మనల్ని దారి పక్కన నిలబెట్టాడు. తల్లి శోకమూ, మేలు పొందినవాళ్ళ కన్నీళ్ళూ అన్నీ పాటలోనే ఉన్నాయి. తనకోసం కాదు, తమకోసమూ తమ పిల్లలకోసమూ ఏడవమని ఆయన స్త్రీలతో అన్న మాట లూకా 23వ అధ్యాయంలోది. అది కూడా ఆ పాట నడుమనే వినిపిస్తుంది. పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని చూస్తున్న మనిషికి ఆ మాట దగ్గర గొంతు పూడుకుపోతుంది.

అయినా మా అమ్మాయి ప్రశ్నలో న్యాయం ఉంది. సంభాషణల్లో నాటకాల వాసన ఉంది. కొరడా కనిపిస్తుంది గానీ దెబ్బ మనకు తగలదు, బాలు గొంతు దాన్ని మెత్తన చేస్తుంది. ఏటా చూసి చూసి మేం దుఃఖం కంటే రాగం కోసం ఎదురుచూడటం నేర్చుకున్నాం. ఇది సినిమా తప్పెంతో, మా అలవాటు తప్పెంతో నేను విడదీయలేను.

రెండోది మెల్ గిబ్సన్ 2004లో తీసిన ‘ద ప్యాషన్ ఆఫ్ ద క్రైస్ట్’. యేసు చివరి పన్నెండు గంటల కథ, నిడివి 127 నిమిషాలు. ఇటలీలోని మతేరా అనే రాతి ఊళ్ళో చాలా భాగం తీశారు. పాత్రలు అరమేయిక్, లాటిన్, హీబ్రూ భాషల్లో మాట్లాడతాయి. అమెరికాలో పదిహేడేళ్ళ లోపువాళ్ళు పెద్దలు వెంట లేకుండా చూడకూడదన్న ఆర్ రేటింగు దీనికిచ్చారు. 2005లో గిబ్సనే సుమారు అయిదు నిమిషాలు కోసి మళ్ళీ విడుదల చేశాడు. నేను ముందు ఒంటరిగా చూశాను. చూశాక, ఎనిమిదేళ్ళ మా అబ్బాయికి ఇది వద్దని తేల్చుకున్నాను. దానికి కారణం రక్తం ఒక్కటే కాదు. యూదాని తరిమే పిల్లల ముఖాలు దయ్యాల ముఖాలుగా మారిపోయే దృశ్యం వాడి నిద్రలోకి వస్తుంది. పిల్లలకి పిల్లలే భయంగా మారడం కంటే పెద్ద భయం లేదు.

కొరడా దెబ్బల ఘట్టాన్ని యోహాను 19వ అధ్యాయం మొదటి వచనంలో, ఒకే వాక్యంలో ముగించాడు. మత్తయి, మార్కులకైతే వాక్యంలో ముక్క సరిపోయింది. సినిమా దాన్ని దాదాపు పది నిమిషాలు సాగదీస్తుంది. సైనికులు లాటిన్‌లో లెక్కపెడుతూ ముందు బెత్తాలతో కొడతారు. ఆయన తిరిగి లేచి నిలబడితే ఇనుప ముళ్ళున్న కొరడాలు తీస్తారు. నొప్పి పుట్టిందా అన్న ప్రశ్నకి ఇంతకంటే గట్టి జవాబు ఏ సినిమాలోనూ దొరకదు. కానీ నొప్పిని చూపించడం వేరు, ఆ నొప్పి ఎవరిదో చెప్పడం వేరు. చిత్రం యెషయా 53వ అధ్యాయపు మాటతోనే మొదలవుతుంది. ఆ అధ్యాయంలో గొంతు విప్పేది ‘మనం’. ఆయన మోసింది మన రోగాలని, ఆయన గాయాలకు కారణం మన తప్పులని ఒప్పుకునే బహువచనం అది. గిబ్సన్ ఆ మాటని తెర మీద రాశాడు. కొరడా ఘట్టంలో మాత్రం ఆ ‘మనం’ లేదు. దెబ్బ ఉంది, కొట్టేవాడి నవ్వు ఉంది, చూస్తున్న నేను ఎక్కడ నిలబడాలో లేదు. సిలువ మీద మేకు పట్టుకున్న చెయ్యి గిబ్సన్‌దే. కొట్టినవాళ్ళలో తనూ ఉన్నానని ఆయన ఒప్పుకున్న తీరది. నాకు దాని మీద గౌరవం ఉంది. అయితే తెర బయట ఎవరో చెప్తే తప్ప ఆ చెయ్యి ఎవరిదో చూసేవాడికి తెలియదు. జాన్సన్ పాట అదే ఒప్పుకోలును అందరి నోటా పలికిస్తుంది. యెషయా వ్యాకరణాన్ని సరిగ్గా పట్టుకున్నది మన పాటే అని నా నమ్మకం.

దీనికి సంబంధించిందే ఇంకో సంగతి. కిందటేడు మా అమ్మాయితో ఈ సినిమా చూస్తున్నప్పుడు, పిలాతు ముందు జనం అరిచే చోట తను “యూదులంతా చెడ్డవాళ్ళా నాన్నా?” అంది. వెంటనే ఆపి చెప్పాను. ఆ తల్లి యూదురాలు, మగ్దలేనే మరియ యూదురాలు, పేతురు, యోహాను యూదులు, సిలువెక్కినాయనా యూదుడే. ఆ రక్తం తమ మీదా తమ పిల్లల మీదా ఉండనిమ్మని జనం అనే మత్తయి సువార్త మాటని ఈ సినిమా అరమేయిక్‌లో ఉంచి, కింద ఇంగ్లీషు అక్షరాల్లో మాత్రం తీసేసింది. అనువదించడానికి వెనకాడిన మాటని వినిపించడం మాత్రం ఎందుకు? ఆ మాటని ఆసరా చేసుకుని ఐరోపాలో తరతరాలుగా యూదుల్ని హింసించారు. పిల్లలకి సిలువ కథ చెప్పే తల్లీతండ్రీ ఈ సంగతి కూడా చెప్పాల్సిందే. పక్కన పెద్దవాళ్ళు లేకుండా ఈ సినిమా చూడకూడదని నేననేది రక్తం కంటే దీనికోసమే ఎక్కువ.

ఇన్ని అభ్యంతరాలతోనూ ఆ సినిమా నాతో ఉండిపోయింది. అది మరియ వల్ల. మాయా మోర్గెన్‌స్టెర్న్ అనే రుమేనియా నటి ఆ పాత్ర వేసింది. దెబ్బలు ఆగాక, పిలాతు భార్య ఇచ్చిన తెల్లబట్టలు పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుని, రాతినేల మీది కొడుకు రక్తాన్ని తుడుస్తుంది. ఒక్క చుక్క కూడా కాళ్ళ కింద పడకూడదన్న ఆరాటం ఆ చేతుల్లో ఉంది. అప్పటిదాకా నిలబడేచోటు దొరకని నాకు అక్కడ చోటు దొరికింది, ఆమె పక్కన నేల మీద. తరవాత సిలువ దారిలో ఆయన పడిపోతాడు. ఆమె సందు మలుపులో గోడకి ఆనుకుని కదలలేకపోతుంది. అప్పుడు పాత జ్ఞాపకం వస్తుంది. పసివాడు పరుగెత్తుతూ బోర్లాపడతాడు, ఆమె చేతిలో పని వదిలేసి ఉరుకుతుంది. మళ్ళీ ఈ వీధి, మళ్ళీ అదే ఉరుకు. ‘కరుణామయుడు’లో తల్లి శోకం పాటలో పలుకుతుంది గానీ, ఇలా పరుగెత్తించిన క్షణం మన సినిమాలో నాకు కనిపించలేదు. నా కూతురు అడిగిన నొప్పి ఇదే. కొరడా ఇవ్వలేనిది ఆ పరుగు ఇచ్చింది.

ఇప్పుడు మా ఇంటి పద్ధతి ఇది. శుక్రవారం అందరితో ‘కరుణామయుడు’. శనివారం రాత్రి, అబ్బాయి నిద్రపోయాక, పదో తరగతి పరీక్షలు రాసిన అమ్మాయీ నేనూ రెండోది. కిందటేడు కొరడా ఘట్టం దాటిద్దామంటే తను ఒప్పుకోలేదు. సగంలో నా చెయ్యి పట్టుకుంది, వదల్లేదు.

తల్లి పరుగెత్తే చోటు వచ్చేసరికి, మంచినీళ్ళకని లేచిన మా అమ్మ గుమ్మం దగ్గర ఆగింది. ఆమెకి ఇంగ్లీషు అక్షరాలు రావు. అరమేయిక్ సంగతి చెప్పనే అక్కర్లేదు. మరియ కొడుకు మీదికి వంగి ఏదో అంది. అమ్మాయి కింది అక్షరాలు చదివి నానమ్మకి చెప్పబోయింది.

“వచ్చాన్రా అంటోంది,” అంది అమ్మ, తెర మీంచి చూపు తిప్పకుండా.

అమ్మాయి లేచి తన కుర్చీ నానమ్మకిచ్చి, కింద చాప మీద కూర్చుంది.