మూత మూసినా మెలకువే

ల్యాప్‌టాప్ మూత వేయగానే స్లీప్‌లోకి వెళ్లి తీరాలన్న నియమమేదీ లేదు. చాలా మోడళ్లలో మూత అంచున చిన్న అయస్కాంతం, కీబోర్డు వైపు దాన్ని పసిగట్టే హాల్ సెన్సర్ ఉంటాయి. రెండూ దగ్గరైతే ‘మూత పడింది’ అన్న కబురు ఒక్కటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు చేరుతుంది. (అయస్కాంతమున్న ఫోన్ కవరును కీబోర్డు అంచున పెట్టినా కొన్నిటి స్క్రీన్ ఆరిపోతుంది, రిపేరు షాపుకు పరుగెత్తే ముందు అది చూసుకోవాలి.) ఆపైన ఏం జరగాలన్నది సెట్టింగ్ చెబుతుంది. విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిస్తే స్లీప్, హైబర్నేట్, షట్ డౌన్‌లతో పాటు ‘డు నథింగ్’ కూడా కనిపిస్తుంది. మూత వేసినా పని ఆగకూడదనుకునేవాళ్లకు కావలసింది అదే. కానీ అక్కడ గడులు రెండు: బ్యాటరీ మీద ఉన్నప్పుడు ఒకటి, ఛార్జర్ తగిలించినప్పుడు మరొకటి. రెండింట్లోనూ ‘డు నథింగ్’ పెట్టేయడం పొరపాటని నా వాదన.

ఎందుకంటే, సెన్సర్ పంపే కబురులో కారణం ఉండదు. పెద్ద మానిటర్‌కు కలిపి మూత వేశారా, బస్సొచ్చిందని బ్యాగులోకి తోసేశారా అన్నది యంత్రానికి తెలియదు. అది ఎక్కడుందో ఊహించడానికి ఈ సెట్టింగ్‌కు దొరికే సాక్ష్యం ఛార్జర్ తీగ ఒక్కటే. బ్యాగులో ప్లగ్ పాయింట్ ఉండదు కదా! అందుకే ‘డు నథింగ్’ ఛార్జర్ గడికే పరిమితమై, బ్యాటరీ గడిలో స్లీప్ ఉండాలి. మ్యాక్‌బుక్‌ను మూసి వాడాలంటే ఛార్జర్, బయటి డిస్‌ప్లే, కీబోర్డు, మౌస్ ఉండాలని ఆపిల్ చెప్పడం వెనుకా ఇలాంటి లెక్కే ఉందనుకుంటాను. చాలా లినక్స్‌లలో వ్యవస్థను నడిపే సిస్టమ్‌డీ కూడా మామూలుగా మూత పడితే నిద్రపుచ్చుతుంది. డాక్‌లో ఉన్నా, ఒకటికి మించి డిస్‌ప్లేలు కలిపి ఉన్నా వదిలేస్తుంది. కరెంటు మీద ఉన్నప్పుడు ఏం చేయాలో విడిగా చెప్పే వీలూ ఇచ్చింది.

దీనికి గట్టి అభ్యంతరమే ఒకటుంది: ‘స్లీప్‌ను మాత్రం నమ్మగలమా?’ నమ్మలేం. ఇప్పటి విండోస్ ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ఉన్న మోడర్న్ స్టాండ్‌బై పాత నిద్ర లాంటిది కాదు. అందులో యంత్రం సగం మెలకువతోనే ఉండి, ఒక్కోసారి బ్యాగులోనే లేచి వేడెక్కి బ్యాటరీ ఖాళీ చేసుకుంటుంది. అయితే ఈ ఫిర్యాదు బ్యాటరీ గడిలో హైబర్నేట్ పెట్టుకోమంటుందే తప్ప ‘డు నథింగ్’ను సమర్థించదు. హైబర్నేట్‌లో ర్యామ్‌లోని పని డిస్క్‌లోకి చేరి, యంత్రం దాదాపు ఆగిపోతుంది. తెరిచినప్పుడు కాసేపు ఆగాలి, అంతే. ఛార్జర్ మీద మూసి, తర్వాత తీగ పీకి బ్యాగులో పెట్టేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కొన్ని యంత్రాలు మూత పడిన క్షణానే నిర్ణయం తీసుకుంటాయి, తీగ ఊడినప్పుడు మళ్లీ ఆలోచించవు.

వేడి సంగతీ తోసిపుచ్చలేం. డౌన్‌లోడ్, బ్యాకప్, ఇంట్లో చిన్న సర్వర్ లాంటి తేలిక పనులకు మూత అడ్డు కాదు. గంటల తరబడి వీడియో రెండరింగ్ చేయిస్తే మాత్రం, గాలి మడత బందు వైపు నుంచి పోయే మోడళ్లలో ఆ వేడి స్క్రీన్‌కు తగులుతుంది. చిప్ కూడా తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అలాంటి పనికి మూత తెరిచే ఉంచడం మేలు. పైగా నిండా ఛార్జయిన లిథియం అయాన్ బ్యాటరీకి వేడి తోడైతే తొందరగా ముసలిదవుతుంది. కాబట్టి ఎప్పుడూ తీగకే కట్టేసి ఉంచేవాళ్లు ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఉంటే వాడుకోవాలి.

ఎండాకాలం కరెంటు కోతల మాటేమిటని మన ఊళ్లలో ఎవరైనా అడుగుతారు. అప్పుడు బ్యాటరీయే యూపీఎస్. కానీ రౌటర్ ఇన్వర్టర్ మీద లేకపోతే ల్యాప్‌టాప్ మేలుకుని ఉన్నా డౌన్‌లోడ్ కదలదు. ఛార్జ్ అడుగంటినప్పుడు హైబర్నేట్ అయ్యేలా పెట్టుకుంటే చేసిన పనైనా దక్కుతుంది. నిజానికి రాత్రంతా ఏదో దిగాలన్నంత వరకే అయితే మూత వేయనక్కర్లేదు, స్క్రీన్ మాత్రం ఆరిపోయేలా టైమర్ పెడితే చాలు. మ్యాక్‌లో యంత్రం నిద్రపోకుండా ఆపడానికి కెఫినేట్ అనే కమాండ్ ఉంది.

చాలామంది పట్టించుకోని విషయం ఇంకొకటి. ‘డు నథింగ్’ పెట్టాక మూత వేసినంత మాత్రాన విండోస్ లాక్ కాదు. ఆఫీసులో ఎవరు తెరిచినా మీ మెయిల్ ఎదురుగానే ఉంటుంది. అందుకే విండోస్ కీతో పాటు ఎల్ నొక్కి, ఆ తర్వాతే మూత వేయాలి.