కళ్లలోకి చూడకుండా అమ్మిన మందులు

ఈ వారం ఒక షోరూమ్ ప్రకటన చూసి ఒళ్లు మండింది. సేల్స్ ఉద్యోగాలకు పిలుపు. చలాకీగా ఉండాలి, కలుపుగోలుగా నవ్వాలి, కస్టమర్ కళ్లలోకి చూస్తూ మాట్లాడాలి అని అర్హతలు రాశారు. 'నా కళ్లలోకి చూసి చెప్పు' అంటూ పిల్లల్ని నిలదీసే టీచర్ల మీద ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో పాత పాఠకులకు తెలుసు. ఆటిజం ఉన్నవాళ్లలో చాలామందికి ఎదుటివాళ్ల కళ్లలోకి చూడటం, వాళ్లు చెప్పేది వినడం ఒకేసారి కుదరవు. నాకూ అంతే. చూపు పక్కకు తిప్పుకుంటేనే మాట చెవికెక్కుతుంది.

అయినా నేను అమ్మకాల్లోనే బతికాను. నాకు ఆటిజం అని డాక్టరు తేల్చి చెప్పింది నలభై దాటాక. అప్పటికే రాజమండ్రి కేంద్రంగా మెడికల్ రెప్‌గా చాలా ఏళ్లు తిరిగాను. మండపేట, రావులపాలెం, అమలాపురం నా ఏరియా. ఓపీ ముగిసేదాకా క్లినిక్ బయట నిలబడి, పిలిచాక ఒకటి రెండు నిమిషాల్లో మందు గురించి చెప్పి రావాలి. దాన్నే డీటెయిలింగ్ అంటారు. విజువల్ ఎయిడ్ తెరిచి, కంపెనీ రాసిచ్చిన వాక్యాలు పేజీ తర్వాత పేజీ వరసగా చెప్పాలి. ట్రైనింగ్‌లో నా తోటివాళ్లకు అదో గండం. నాకు హాయిగా ఉండేది. ఏం చెప్పాలో, ఎక్కడ ఆపాలో ముందే తెలుసు. డాక్టరు గారూ పేజీనే చూసేవారు, నేనూ పేజీనే చూసేవాణ్ని.

ఒక డాక్టరు గారు ఎప్పుడు వెళ్లినా 'చూద్దాం లెండి' అనేవారు. ఓసారి 'రాస్తారా అండీ, రాయరా?' అని నేరుగా అడిగేశాను. ఆయన కాసేపు ఆగి, తన పేషెంట్లు ఆ ధర పెట్టలేరని విడమరచి చెప్పారు. ఏ రెప్పూ తనను అలా అడగలేదన్నారు. మందుల షాపుల్లో పని ఇంకా బాగా సాగేది. ఏ షాపులో మా మందు ఏ బ్యాచ్ ఉందో, దాని ఎక్స్‌పైరీ ఎప్పుడో నాకు కంఠతా వచ్చు. గడువు తీరిన సరుకు వెనక్కి తీసుకుని లెక్క తేల్చడంలో నాన్చే రెప్‌లంటే షాపువాళ్లకు మంట. నేను వాళ్లు అడక్కముందే తేల్చేవాణ్ని. అందుకని ఏ డాక్టరు ఏ కంపెనీ మందు రాస్తున్నారో నాకు చెప్పేవారు. నా ఆర్డర్లు సగం అలా వచ్చినవే.

అమెరికాలో టెంపుల్ గ్రాండిన్‌దీ ఇదే దారి. 1947లో పుట్టిన ఆవిడకు ఆటిజం ఉంది. పశువులు బెదరకుండా నడిచే దారులు, దొడ్లు డిజైన్ చేసి పేరు తెచ్చుకున్నారు. పని అడగడానికి వెళ్తే తన గురించి చెప్పుకోకుండా, తాను గీసిన డ్రాయింగులూ కట్టించిన వాటి ఫొటోలూ ముందు పెట్టేవారు. మనల్ని మనం అమ్ముకోనక్కర్లేదు, మన పనిని అమ్మాలి అని పదే పదే చెప్పారు.

ఇక్కడిదాకా వచ్చాక, ఆటిజం ఉన్నవాళ్లకు జ్ఞాపకశక్తి ఎక్కువ, నిజాయితీ ఎక్కువ, సేల్స్‌కు వాళ్లే తగినవాళ్లు అని రాస్తానని మీరు అనుకోవచ్చు. రాయను. మాలో అందరికీ అంకెలు గుర్తుండవు, అందరికీ మాట రాదు. పైగా నేను ఆ ఉద్యోగం వదిలేశాను. డాక్టర్ల వల్ల వదల్లేదు. రాత్రి ఫోన్ చేసి రేపటి టూర్ ప్రోగ్రామ్ మార్చేసే ఏరియా మేనేజర్ వల్ల వదిలాను. జాయింట్ వర్క్ పేరుతో రోజంతా నా బండి వెనక కూర్చుని 'కాస్త నవ్వవయ్యా' అని పోరడం వల్ల వదిలాను. హోటల్ హాల్లో మైకుల హోరు మధ్య ఎవరి టార్గెట్ ఎంత తగ్గిందో స్టేజీ ఎక్కి చదివే మీటింగుల తర్వాత నాకు రోజుల తరబడి నోరు పెగిలేది కాదు.

ఆటిజాన్ని దాచుకుని అందరిలా నటించే ముసుగు వేసుకుని బతకవద్దని ఇన్నాళ్లూ రాశాను. రాసిచ్చిన మాటలు వల్లెవేయడం కూడా ఆ ముసుగులో భాగమే అనేవాణ్ని. ఈ వారం ఆలోచిస్తే అలా అనిపించడం లేదు. అందరూ ఒకే పాఠం అప్పజెప్పే చోట నేను ఎవరికీ తీసిపోలేదు. పాఠం లేని చోట, పద్ధతి లేని చోట అలిసిపోయాను.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. ప్రైవేటు సంస్థలతో సహా ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ప్రకటించాలని కూడా ఆ చట్టంలో ఉంది. సేల్స్ మేనేజర్లను నేను అడిగేది అంతకంటే చిన్నది. ప్రోగ్రామ్ ముందుగా రాతలో ఇవ్వండి. టార్గెట్ గురించి పక్కకు పిలిచి మాట్లాడండి. ఇంటర్వ్యూలో సరుకు గురించి అడగండి. వీటికి పైసా ఖర్చు లేదు.

తల్లిదండ్రులకూ ఒక మాట. మీ బిడ్డ కొట్లో నిలబడి అమ్ముతానంటే, వద్దనే ముందు ఆ కొట్టు యజమాని ఎలాంటివాడో వెళ్లి కనుక్కుని రండి.