కల్చర్‌లో పెరగకపోతే రోగం లేనట్టేనా?

'కల్చర్ పళ్ళెంలో ఏమీ పెరగలేదు, కాబట్టి ఈ ఎలుకలకు బాక్టీరియా సోకలేదు.' ఈ తీర్పును నమ్మవచ్చా?

1992లో అమెరికాలోని నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన ఫ్రెడరిక్ కేంద్రంలో, ఒక రసాయనం క్యాన్సర్ కలిగిస్తుందా అని చిట్టెలుకలపై పరీక్షిస్తున్నారు. ఆ రసాయనం ఇవ్వని కంట్రోల్ ఎలుకల్లోనూ కాలేయం వాచి, కణితులు కనిపించాయి! కాలేయ కణజాలానికి వెండి లవణంతో రంగు పట్టించి చూస్తే, పైత్యరసపు సన్నని నాళికల్లో మెలితిరిగిన బాక్టీరియా బయటపడింది. 1994లో దానికి హెలికోబాక్టర్ హెపాటికస్ అని పేరు పెట్టారు. ఆక్సిజన్ తక్కువగా ఉంటేనే, అదీ నిదానంగా పెరిగే ఈ జీవి మామూలు కల్చర్‌లో చిక్కదు. 1917లో ఎర్నెస్ట్ టైజర్ వర్ణించిన వ్యాధికి కారణమైన బాక్టీరియా అయితే, సజీవ కణాలు లేని కల్చర్‌లో పెరగనే పెరగదు.

'మరి పీసీఆర్ ఉందిగా?' అంటారేమో. ఎలుక పెంటికల్లోని బాక్టీరియా డీఎన్‌ఏను అది పట్టుకుంటుంది, నిజమే. కానీ చచ్చిన బాక్టీరియా డీఎన్‌ఏ ఉన్నా, బయటినుంచి కల్తీ అయినా 'ఉంది' అనే చెబుతుంది. పెంటికల్లోని కొన్ని పదార్థాలు చర్యను అడ్డుకుంటే, ఉన్నదాన్నీ 'లేదు' అంటుంది. పైగా డీఎన్‌ఏ దొరికినంత మాత్రాన రోగం ఉన్నట్టు కాదు. అది తేల్చాల్సింది కణజాల పరీక్షే.

పొరపాటు ఎలుకతో ఆగదు. అమెరికా నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రాం జరిపిన 12 రెండేళ్ళ క్యాన్సర్ అధ్యయనాలపై ఈ బాక్టీరియా ప్రభావం ఎంతో తర్వాత తిరిగి పరిశీలించాల్సి వచ్చింది. కణితి రసాయనం వల్లనా, బాక్టీరియా వల్లనా?

అందుకే ఒక పద్ధతి చెప్పినదాన్ని మరో పద్ధతితో సరిచూడాలి. 'లేదు' అన్న నివేదిక చేతికొస్తే, 'ఎలా వెదికారు?' అని అడగడం మరవకండి.