పసికంఠము – పాటపాఠము

కయత్తారు మొదలు విరుదునగరు వరకు గల మన తెలుగు కుటుంబములలో బిడ్డకు అయిదేండ్లు నిండకమునుపే పాటపాఠమునకు పంపవలెనను తొందర కానవచ్చుచున్నది. కోరిక మంచిదే. బడిలో తమిళము, ఇంగ్లీషు చదువుకొను మన పిల్లలకు తెలుగుమాట ఇంపుగా నోటికి వచ్చు త్రోవలలో కీర్తన యొకటి. కాని ఈ తొందరకు వెల చెల్లించునది పసివాని కంఠమని పెద్దలు తలచుట లేదు. కనుక ఈ పద్ధతిని విమర్శింపక తప్పదు.

మన సీమకు సంగీతము క్రొత్తది కాదు. కోవిల్పట్టికి చేరువనున్న ఎట్టయాపురములోనే ముత్తుస్వామి దీక్షితులవారు 1835లో దేహము చాలించిరి. ఆ వంశమువారైన సుబ్బరామ దీక్షితులవారు 1904లో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని అచ్చటనే తెలుగులో ప్రకటించిరి. మరుసటి యేట క్రొత్తగా నేర్చువారికై ‘ప్రథమాభ్యాస పుస్తకము’ను వెలువరించిరి. అంతటి మహాగ్రంథము వ్రాసిన పండితుడు తొలిమెట్టునకు వేరొక పుస్తకము కావలెనని తలచెను. మనమో, ఆ మెట్టునే దాటవేయుచున్నాము. సరళులు, జంటస్వరములు కుదురుపడకమునుపే వార్షికోత్సవమునకని కీర్తన నేర్పించుచున్నాము.

మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు ఎనిమిదవ యేటనే బెజవాడలో కచేరి చేయలేదా యని కొందరందురు. చేసిరి. అయితే వారి తండ్రి వేణువిద్వాంసుడు. గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు. అట్టి యింట పుట్టి, అట్టి గురువును పొందిన యొక్కనిని చూపి ఊరిలోని పిల్లలందరికిని అదే కొలత పెట్టుట న్యాయము కాదు.

శరీరధర్మమును గూడ తెలిసికొనవలెను. అయిదేండ్ల బిడ్డ స్వరతంత్రులు ఎదిగిన పురుషుని స్వరతంత్రులలో సుమారు సగము పొడవైనను ఉండవు. వాని లోపొరలు యౌవనము వచ్చువరకు ముదురుచునే యుండును. గొంతు చించుకొని అరచు పిల్లలకు ఆ తంత్రులపై చిన్న కాయలు కట్టి, కంఠము బొంగురుపోవుట వైద్యులు తరచుగా చూచునదే.

మా అభిప్రాయమున ఆరేడేండ్ల వరకు వినికిడియే పాఠము. తల్లి జోలపాట, చేతితో తాళము, ఇంటిలో మంచి సంగీతము చాలును. ఏడెనిమిదేండ్లకు స్వరము మొదలుపెట్టవచ్చును. పూటకు పదునైదు, ఇరువది నిమిషములకు మించరాదు. శ్రుతి గురువుగారిది కాదు, బిడ్డదై యుండవలెను. మధ్యస్థాయి షడ్జము నుండి తారషడ్జము వరకు మెడనరములు ఉబ్బక, గడ్డము పైకెత్తక పాడగలిగినదే వాని శ్రుతి. పదిమందిని వరుసగా కూర్చుండబెట్టి ఒకే శ్రుతిలో పాడించు చోట కొందరు అరచుటయు, కొందరు గొణుగుటయు తప్పదు. మొదటి కాలము నిలువనిదే మూడవ కాలమునకు పోరాదు. జలుబు చేసిననాడు పాట మానవలెను. బొంగురు రెండు మూడు వారములకును తగ్గనిచో గొంతువైద్యునికి చూపవలెను. మిరియాల కషాయముతో సరిపెట్టరాదు.

మగపిల్లలకు పండ్రెండు మొదలు పదునైదేండ్ల నడుమ గొంతు మారి ఇంచుమించు ఒక స్థాయి దిగును. ఆడపిల్లలకును కొంత మార్పు కలుగును. ఆ కాలమున పాత శ్రుతిని పట్టుకొని వ్రేలాడుటయు, గొంతు పోయినదని చదువు మాన్పించుటయు రెండును తప్పులే. శ్రుతి తగ్గించి మెల్లగా పాడించుచు, మిగిలిన వేళ వీణయో, మృదంగమో నేర్పవచ్చును. అన్నిటికంటె ముఖ్యముగా, తమిళలిపిలో వ్రాసికొని పాడుచున్న కీర్తనను తెలుగులిపిలో చదువుట నేర్పవచ్చును. తమిళలిపిలో క, గ లకు అక్షరమొక్కటే యగుటచేత సాహిత్యము ఎంత చెడుచున్నదో మన సభలలో వినుచునే యున్నాము.

ఉత్సవములు నడపు సంఘములవారికి మా మనవి యొక్కటే. చిన్న వయసునకు, పెద్ద గొంతునకు బహుమానము లీయకుడు. శ్రుతిశుద్ధికి, మాటశుద్ధికి ఈయుడు. బహుమానము దేనికిత్తుమో పిల్లలు దానినే నేర్తురు.