ఇరవై చొప్పున ఎక్కే పట్టిక

సీ భాషలో లూపు నేర్పడానికి బ్రయాన్ కెర్నిగన్, డెన్నిస్ రిచీ తమ పుస్తకం మొదటి అధ్యాయంలోనే ఒక చిన్న ప్రోగ్రాం పెట్టారు. 1978లో వచ్చిన ఆ పుస్తకాన్ని 1988లో తిరగరాసినప్పుడు కూడా దాన్ని వదల్లేదు. ఫారెన్‌హీట్‌ను సున్నా నుంచి 300 దాకా 20 చొప్పున పెంచుతూ, పక్కన సెల్సియస్ అచ్చువేస్తుంది. మొత్తం పదహారు వరుసలు.

ఈ పట్టిక మనకు పరాయిది కాదు. రామగుండం దగ్గర బసంత్‌నగర్‌లో పిల్లాడికి ఒళ్లు కాలితే జ్వరం 102 ఉందంటాం, బయట ఎండ 45 ఉందంటాం. మొదటిది ఫారెన్‌హీట్, రెండోది సెల్సియస్. రెండు కొలతలూ ఒకే నోట పలుకుతాం.

పనితనమంతా ఇదే పట్టికను రెండుసార్లు రాయించడంలో ఉంది. మొదట వైల్ లూపు. అందులో మొదలు విలువ లూపుకు పైన, హద్దు బ్రాకెట్లలో, 20 కలపడం లోపల చిట్టచివరి లైనులో ఉంటాయి. ఆ చివరి లైను మరిచామా, ప్రోగ్రాం సున్నా దగ్గరే తిరుగుతుంది, మనం ఆపేదాకా ఆగదు. తర్వాత ఫర్ లూపు. మొదలు, హద్దు, పెంపు మూడూ ఒకే లైనులోకి వచ్చి కూర్చుంటాయి. కొత్త శక్తి ఏమీ రాలేదు, చెదిరి ఉన్నవి కళ్లముందుకు వచ్చాయి. ఏది మరిచినా ఆ ఖాళీ ఇట్టే కనబడుతుంది. నేరుగా ఫర్‌తో మొదలుపెట్టి ఉంటే దాని విలువ విద్యార్థికి తెలిసేదే కాదు.

సూత్రంలోనూ ఎంతో శ్రద్ధ ఉంది. 32 తీసేసి, ముందు 5తో గుణించి, ఆ తర్వాతే 9తో భాగిస్తారు. అయిదును ముందే తొమ్మిదితో భాగిస్తే పూర్ణాంకాల లెక్కలో సున్నా వస్తుంది, సెల్సియస్ నిలువు వరుసంతా సున్నాలే. సరైన క్రమంలో చేసినా 100కు 37 అనే వస్తుంది, అసలు విలువ 37.8. ఆ లోటును రచయితలు దాచరు. చెప్పి, దశాంశాలతో మళ్లీ రాసి చూపిస్తారు. పాఠం చెప్పేవాళ్లలో ఈ నిజాయితీ నాకెంతో ఇష్టం. అంకెలను కుడివైపుకు సర్ది ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు నిలబెట్టడం కూడా మరవలేదు.

మన రామగుండం 45 డిగ్రీల ఎండను ఆ పట్టికలో వెతికితే దొరకదు. 100కు 37, ఆ వెంటనే 120కి 48. ఫర్ లైనులో మూడు అంకెలు మార్చితే చాలు: మొదలు 100, హద్దు 120, పెంపు 1. లూపు లోపల ఒక్క అక్షరం ముట్టుకోనక్కర్లేదు. 113కు ఎదురుగా సరిగ్గా 45 వచ్చి నిలబడుతుంది. హద్దులో ‘సమానం’ గుర్తు తీసేసి చూడండి, 120 వరుస మాయమవుతుంది.

మన కాలేజీల్లో చాలాచోట్ల లూపులు రాగానే నక్షత్రాల త్రిభుజాలు వేయిస్తారు. లెక్చరర్లకు నా మనవి ఒక్కటే: వాటికి ముందు ఈ పట్టిక రాయించండి, మొదట వైల్‌తో, ఆ తర్వాతే ఫర్‌తో.